పిడికెడు బియ్యం వెనక్కి పోసింది మా అమ్మ

ఈ సంగతి నేను ఇప్పటికి చాలామందికి చెప్పాను. నాటకాల మీద పరిశోధన చేస్తున్నామని మా ఇంటికి వచ్చిన పిల్లలకు చెప్పాను. వాళ్ళు టీ తాగి, రచయితగారి పాత ఫొటో ఏదైనా ఉందా అని అడిగి వెళ్ళిపోయారు. పత్రికలవాళ్ళకు చెప్పాను. 'పాత గొడవ కదండీ' అన్నారు. గొడవ పాతబడితే అన్యాయం న్యాయమవుతుందా? నాటక సమాజం వాళ్ళు వార్షికోత్సవం చేసుకున్నప్పుడల్లా వెళ్ళి, ఎదురుగా నిలబడి చెప్పాను. కుర్చీ చూపించారు గాని బదులు చెప్పలేదు. నన్ను దూరం నుంచి చూసి 'వచ్చాడయ్యా బియ్యం పెద్దమనిషి' అని గొణుక్కుంటారని కూడా నాకు తెలుసు. నా చెవులకు వయసు వచ్చింది గాని అంత రాలేదు.

అందుకని ఈసారి రాస్తున్నాను. పెద్దవాళ్ళు ఎలాగూ చదవరు. సినిమాల్లో, సీరియళ్ళలో, స్టేజి వెనక చిన్నచిన్న పనులు చేస్తున్న కుర్రవాళ్ళు, అమ్మాయిలు చదవాలని రాస్తున్నాను. మీ చేతుల్లో పుట్టిన పని మీది కాకుండా పోవడం ఎలా జరుగుతుందో మీకు తెలియాలి. ఎవరో గోడ దూకి ఎత్తుకుపోతారనుకుంటారు మీరు. అలా జరగదు. పక్కన కూర్చోబెట్టుకుని, భుజం తట్టి, మెచ్చుకుంటూ తీసుకుంటారు.

అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో ఒక శాఖలో గుమాస్తాను. నేనూ, మా అమ్మా తార్నాకలో ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం. మాది నల్లగొండ వైపు పల్లె. సేద్యం ఇంక సాగదని తేలాక అమ్మను తీసుకుని పట్నం వచ్చాను. అప్పటికి తార్నాక చౌరస్తా అంటే ఒక ఇరానీ హోటలు, నాలుగు దుకాణాలు. హబ్సిగూడ దాటితే బండలూ చేలూ. సాయంత్రం ఆఫీసు అయ్యాక క్యాంపస్ రోడ్డు వెంట నడుచుకుంటూ ఇంటికి వచ్చేవాడిని.

మా శాఖలో పెద్ద మేష్టారు ఒకాయన నాటకాలు రాసేవారు. కోస్తా వైపు నుంచి వచ్చి, క్యాంపస్ క్వార్టర్సులో ఉండేవారు. మంచి పేరున్న మనిషి. ఆయన చుట్టూ యూనివర్సిటీవాళ్ళూ, రైల్వే ఆఫీసులవాళ్ళూ చేరి ఒక నాటక సమాజం పెట్టుకున్నారు. దాని కార్యదర్శి రైల్వేలో ఆఫీసరు. నాయక పాత్రలన్నీ ఆయనవే. రిహార్సళ్ళు కూడా తార్నాకలో ఆయన ఇంటి వరండాలోనే.

నాకు నాటకాలంటే ప్రాణం. ఏదైనా ఒక వేషం ఇవ్వమని మేష్టారిని అడిగాను. పోస్టుమాన్ వేషమైనా చాలన్నాను. ఆయన నవ్వి, "నీ మాటలో యాస ఉందయ్యా, స్టేజి మీద నప్పదు" అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు. తమాషా ఏమిటంటే, ఒక్క ఉత్తరం అందించి వెళ్ళిపోయే వేషానికి పనికిరాని నేను, ఆ తర్వాత వారాల తరబడి ఆ నాటకంలో కథానాయికను.

అదెలాగో చెప్పాలి. ఆ రోజుల్లో మా లాంటి ఔత్సాహిక సమాజాలకు సొంత నటీమణులు ఉండేవాళ్ళు కాదు. ఆడవేషానికి వృత్తినటిని బయటి నుంచి పిలుస్తారు. ఆమె ఎన్నో సమాజాలకు ఆడాలి కనక ప్రదర్శన దగ్గర పడ్డాకే వస్తుంది. అప్పటిదాకా రిహార్సళ్ళలో ఆమె మాటలు ఎవరో ఒక మగవాడు చదవాలి. ఆమె నిలబడేచోట నిలబడాలి, ఆమె కూర్చునేచోట కూర్చోవాలి. దాన్ని ప్రాక్సీ అనేవాళ్ళం. ఆమె వచ్చాక ఆ మనిషే నడకలన్నీ ఆమెకు నేర్పి, ప్రదర్శన నాడు పక్క తెర చాటున నిలబడి మాటలు అందించాలి. ఆఫీసులో ఫైలు పట్టుకురమ్మన్నట్టే మేష్టారు నన్ను ఆ పనికి రమ్మన్నారు. నేను వెళ్ళాను.

ఆ నాటకంలో అసలు ఘట్టం ఇది. భార్య ఊరికి వెళ్ళిన సమయంలో భర్త, ఆ ఇంట్లో ఉంటున్న ఆమె ముసలి తల్లిని బయటికి పంపేస్తాడు. భార్య తిరిగి వచ్చాక ఆ సంగతి తానే చెప్పి, తాను చేసింది ఎంత సబబో వివరిస్తాడు. చాలా పొడుగు ఉపన్యాసం. అది అయ్యాక, 'ఆమె అతని పాదములపై బడి విలపించును' అని మేష్టారు రాశారు.

నేను పడ్డాను. విలపించాను కూడా. వరండా అంతా పగలబడి నవ్వింది. కార్యదర్శిగారు కాళ్ళు వెనక్కి లాక్కుని, "చాల్లే వదినా, నీ మీసం తడిసి నా పంచె కరాబవుతోంది" అన్నారు. అప్పటి నుంచి అందరికీ నేను వదిననే. ఇరానీ హోటల్లో కూడా, "వదినకో చాయ్" అని కేకలు. మర్నాడూ అదే నవ్వు, ఆ మర్నాడూ అదే. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక ఏడవకూడదని నిశ్చయించుకున్నాను.

ఆ సాయంత్రం కార్యదర్శిగారి భార్యను అడిగి ఒక చాట, కాసిని బియ్యం, ఒక రేకు డబ్బా తెచ్చి పెట్టుకున్నాను. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టగానే కింద కూర్చుని, డబ్బాలోంచి చాటలోకి బియ్యం పోసుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. ఆయన తన ధర్మం చెబుతున్నాడు. నేను తల ఎత్తలేదు. రాయి దొరికినప్పుడల్లా పక్కన పడేస్తున్నాను. ఆయన ముగించి, "ఏమీ అనవేం?" అన్నాడు. నేను చాటలోంచి ఒక పిడికెడు బియ్యం తీసి మళ్ళీ డబ్బాలో పోసి మూత పెట్టాను. అంతే. ఇంట్లో ఒక మనిషి తగ్గింది, ఆ ఒక్కరి బియ్యం ఇవాళ వండనక్కర లేదు.

ఎవరూ నవ్వలేదు. టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మం దాకా వచ్చిన కార్యదర్శిగారి భార్య, ఆ పళ్ళెంతోనే లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి మేష్టారు, "ఇది స్క్రిప్టులో లేదే" అన్నారు.

"లేదు సార్."

"ఎక్కడ చూశావు?"

"మా ఇంట్ల చూసిన సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత కార్యదర్శిగారితో, "ఏడుపు తీసేద్దాం. ఇదే ఉంచండి" అన్నారు. నా వైపు తిరిగి, "నా ఉద్దేశాన్ని బాగా పట్టుకున్నావయ్యా" అన్నారు.

పిల్లలూ, ఆ వాక్యం మళ్ళీ చదవండి. నా ఉద్దేశాన్ని బాగా పట్టుకున్నావు. పని పోయింది అక్కడే. ఆ క్షణంలో నాకు అర్థం కాలేదు సరికదా, ఆ రోజు పొంగిపోతూ ఇంటికి నడిచాను. కార్యదర్శిగారు మాత్రం సణిగారు. "నేను ఇంతసేపు గొంతు చించుకుంటే చూపులన్నీ ఆ చాట మీదికి పోతాయి కదండీ" అన్నారు. నాటకంలో ఏం జరుగుతోందో ఆయనకు అందరికంటే ముందే తెలిసిపోయింది.

ప్రదర్శన దగ్గర పడ్డాక నటీమణి వచ్చింది. విద్యానగర్లో ఉండేది. రిక్షాలో తన మేకప్ పెట్టె, తన టిఫిన్ క్యారియర్ తానే తెచ్చుకునేది. డబ్బు తీసుకుని ఆడే మనిషి అని సమాజంలో అందరికీ ఒక చిన్నచూపు. ఆమెకు టీ కూడా వేరే గ్లాసులో. ఆమె ఆ గ్లాసు గుర్తుపట్టి, ఎవరూ చెప్పకముందే తీసుకునేది. నన్ను చూడగానే ఎగాదిగా చూసింది.

"అయితే నా అక్కయ్యగారు మీరేనన్నమాట."

"అక్కయ్యేందమ్మా?"

"ఇన్నాళ్ళూ నా మొగుడితో కాపురం చేసింది మీరే కదండీ. పెద్ద భార్య మీరు, చిన్న దాన్ని నేను. ఆయన ఎక్కడ దగ్గుతాడో, ఎక్కడ మాట మింగుతాడో చెప్పండి మరి."

అన్నీ చెప్పాను. బియ్యం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎగతాళి మానేసింది.

"పిడికెడు వెనక్కి పోసేటప్పుడు ఎవర్ని చూస్తుంది?"

"ఎవర్నీ చూడదు. బియ్యాన్నే చూస్తది."

"కోపమా, బాధా?"

"రెండూ కాదమ్మా. వంట."

ఆమె నన్నే చూస్తూ, "మీరెక్కడ చూశారు?" అంది. మేష్టారు కూడా అదే అడిగారు గాని, ఆమె జవాబు కోసం అడిగింది. అందుకని చెప్పాను. మా నాన్న పోయాక, కర్మలు అయి చుట్టాలందరూ వెళ్ళిపోయిన మొదటి పొద్దున, మా అమ్మ అలవాటు ప్రకారం ముగ్గురికి బియ్యం పోసుకుంది. ఏరుతూ ఏరుతూ ఆగింది. ఒక పిడికెడు తీసి, బియ్యం నిలవ చేసే మట్టి గోళెంలో పోసి మూత పెట్టింది. మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. మా అమ్మ ఏడవగా నేను చూడలేదు. అది ఒక్కటే చూశాను.

"మీ అమ్మగారు ఉన్నారా?"

"ఉన్నది. గీ చౌరస్తా దాటితే మా ఇల్లే."

"నన్నొకసారి తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళాను. ఆమె మా నాన్న ఊసు ఎత్తలేదు. వంటింటి గడప దగ్గర కూర్చుని అమ్మతో ఆ మాటా ఈ మాటా చెబుతూ, అమ్మ చేతులనే చూస్తూ ఉండిపోయింది. అమ్మ బియ్యం పోసేటప్పుడు పిడికిలి ఒక్కసారి తెరవదు. వేళ్ళ సందుల్లోంచి కొంచెం కొంచెం జార్చుతుంది. ఆ సంగతి నేను పట్టుకోలేదు. ఆమె ఒక్క పూటలో పట్టుకుంది. వెళ్ళేటప్పుడు అమ్మ చేతి జొన్నరొట్టె, పచ్చిపులుసన్నం తిని వెళ్ళింది. అమ్మ ఆమెను వేరే గ్లాసు వెతుక్కోనివ్వలేదు.

మొదటి ప్రదర్శన క్యాంపస్ హాల్లో. అక్కడ జరిగిన తప్పు ప్రాక్సీ పెట్టుకున్న సమాజాల్లోనే జరుగుతుంది. కార్యదర్శిగారు వారాల తరబడి నన్ను చూస్తూ ఆ మాటలు చెప్పడం మరిగారు. ప్రదర్శన నాడు నేను పక్క తెర చాటున మాటలు అందిస్తూ నిలబడ్డాను. ఆయన కళ్ళు నన్ను వెతుక్కుంటూ అటే వచ్చేశాయి. వేదిక మధ్య భార్య కూర్చుని ఉంటే, ఆయన ఆమెకు వీపు చూపించి, "నువ్వు లేనిదే నాకు ఈ ఇల్లు ఇల్లే కాదు" అని తెర చాటున ఉన్న నాతో చెబుతున్నారు. నేను చెయ్యి ఊపి అటు అటు అంటుంటే, దాన్ని నటన అనుకుని ఇంకా కరిగిపోయారు. ఆమె ఏం చేసిందో తెలుసా? ఏదో పనున్నట్టు లేచి, చాట పట్టుకుని, నా ముందుకు వచ్చి కూర్చుంది. ఆయన మాటలన్నీ వచ్చి ఆమె నెత్తిన పడేటట్టు చేసుకుంది. మర్నాడు ఒక పత్రికలో 'నాయకుని సుదూర దృష్టి' అని మెచ్చుకున్నారు. ఆ దృష్టి నా మీసాల మీద ఉందని ఎవరికీ తెలియదు.

ఆమె పిడికెడు బియ్యం డబ్బాలో జార్చినప్పుడు హాలులో ఆ చప్పుడు వెనక వరస దాకా వినిపించింది. మైకు ఆ గింజల సవ్వడి అందుకుంది. వెనక ఎవరో ఆడమనిషి వెక్కింది. ఇక ఆ నాటకానికి తిరుగు లేకపోయింది. ఎన్నో ఊళ్ళల్లో ఆడారు, పోటీల్లో బహుమతులు తెచ్చుకున్నారు. ప్రతిచోటా మేష్టారిని వేదిక మీదికి పిలిచి ఆ బియ్యం గురించే అడిగేవారు. ఆయన కళ్ళు మూసుకుని, "స్త్రీ మౌనం గురించి చాలాకాలం ఆలోచించాను" అనేవారు. నేను చాటా డబ్బా సంచిలో సర్దుకుంటూ వినేవాడిని.

తర్వాత మద్రాసు నుంచి సినిమావాళ్ళు వచ్చి కథ తీసుకున్నారు. ఆమెకు వేషం ఇప్పిస్తానని మేష్టారు మాట ఇచ్చారు. సినిమాకు సినిమా తారనే పెట్టుకున్నారు. "చెప్పాను గాని వాళ్ళు వినలేదమ్మా" అన్నారట. ఆమె నాతో, "ఆవిడకు గోళ్ళ రంగు అడ్డం రాలేదా, రాళ్ళు ఏరడానికి?" అని నవ్వింది.

సికింద్రాబాదులో ఆ సినిమాకు అమ్మను తీసుకెళ్ళాను. మొదట్లో పేర్లు పడుతుంటే, చదువు రాని అమ్మ నా భుజం తట్టి, "నీ పేరు పడ్డదారా?" అంది. "ఇంక రాలేదమ్మా" అన్నాను. పేర్లు అయిపోయాయి. బియ్యం సీను వచ్చింది. అంత పెద్ద తెర మీద, అంత పెద్ద చెయ్యి పిడికెడు తీసి వెనక్కి పోసింది. చుట్టూ ముక్కులు చీదుతున్నారు. అమ్మ ఏడవలేదు. నా చెవి దగ్గరికి వంగింది.

"గిది నాది గద. నువ్వే చెప్పినవా వీళ్ళకు?"

"చెప్పిన."

"మంచిగనే చేసింది బిడ్డ. మరి నీ పేరు పడలేదేంది?"

అమ్మ అడిగింది కనక నేను అడగడానికి వెళ్ళాను. ఆ నాటకం పుస్తకంగా అచ్చవుతోందని అప్పటికే శాఖలో అనుకుంటున్నారు. ఆదివారం పొద్దున మేష్టారి క్వార్టరుకు పోయాను. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నారు.

"ఏమిటయ్యా, ఏదైనా ఫైలా?"

"ఫైలు కాదు సార్. సినిమా చూసిన. బియ్యం సీను అట్లనే పెట్టిన్రు."

"అదే కదా దానికి ప్రాణం."

"నా పేరు లేదు సార్."

ఆయన పేపరు దించారు. "నీ పేరు ఎందుకుంటుంది?"

"అది నేను చేసింది గద."

"చేశావు. ప్రాక్సీ చేశావు. నేను రాసింది నువ్వు చేసి చూపించావు."

"మీరు ఏడ్వమని రాసిన్రు సార్."

ఆయన ముఖం కొంచెం మారింది. అయినా గొంతు పెంచలేదు. గొప్పవాళ్ళు పెంచరు. "చూడు, నాటకం అంటే అక్షరం. అందులో నువ్వు రాసిన వాక్యం ఒక్కటి చూపించు, మొదటి పేజీలో నీ పేరు వేయిస్తాను."

"అక్కడ మాటనే లేదు గద సార్, ఏం చూపియ్యాలె?"

"మరి? మాట లేనిచోట రచయిత ఎవరని అడుగుతావు?"

"మాట లేదన్నప్పుడు అది మీది గూడ కాదు గద సార్."

ఇప్పటికీ ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. ఆయన పేపరు మడిచి, "అసలు నీకేం కావాలి? ప్రమోషన్ విషయమా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"పుస్తకంల ఒక్క ముక్క వెయ్యున్రి సార్. ఈ బియ్యం సంగతి ఫలానా ఆయన కల్పించిండు అని."

"గుమాస్తా పేరు నాటకంలోనా? నవ్వుతారయ్యా."

"నాది వద్దంటే మా అమ్మది వెయ్యున్రి."

ఆయన నిజంగానే నవ్వారు. "మీ అమ్మగారికి నాటకాలతో ఏమిటి సంబంధం?" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకు మేష్టారికి క్యాంపస్ హాల్లోనే సన్మానం పెట్టారు. పుస్తకం ఆవిష్కరణ, శాలువా, ఉపన్యాసాలు. నడుమ ఆ ఒక్క ఘట్టం ప్రదర్శించాలన్నారు. దానికి ఆమెను పిలిచారు. ఆమె నన్ను పక్కన నిలబడమంది. భార్యకు మాటలే లేని ఘట్టానికి మాటలు అందించేవాడు ఎందుకని కార్యదర్శిగారు అంటే, "నాకు అలవాటండీ" అని కొట్టిపారేసింది. ముస్తాబవుతూ నన్ను అడిగింది.

"పుస్తకంలో మీ పేరుందా అక్కయ్యగారూ?"

"లేదమ్మా. మా అమ్మదీ లేదు."

"సినిమావాళ్ళ ముందు రెండు ముక్కలు మాట్లాడమన్నారు నన్ను. చెబుతాను."

"వద్దమ్మా. రేపటి నుంచి నిన్ను పిలువరు."

"నా మీద ప్రేమతో పిలుస్తున్నారా ఇప్పుడు? ఇంకో ఆడమనిషి దొరక్క పిలుస్తున్నారు. ఆవిడెవరో దొరికేదాకా నా నోరు నాది."

ఘట్టం అయ్యాక చప్పట్లు ఆగలేదు. ఆమెను మైకు ముందుకు పిలిచారు. వేదిక మీద మేష్టారు, కార్యదర్శిగారు, సినిమావాళ్ళు, అధ్యక్షుడు. నమస్కారం చేసి మొదలుపెట్టింది. "ఈ పాత్రకు నన్ను మెచ్చుకున్నారు, అయ్యగారిని మెచ్చుకున్నారు. కాని ఈ బియ్యం సంగతి అయ్యగారు రాసింది కాదండీ. ఆయన ఏడవమని రాశారు. ఇదిగో, ఈ తెర చాటున నిలబడ్డ ఈయన..."

మైకు ఆగిపోయింది. కార్యదర్శిగారు కుర్చీలోంచి మైకు మనిషికి చెయ్యి ఊపడం నేను కళ్ళారా చూశాను. నేనున్నచోటు నుంచి అన్నీ కనబడతాయి. ప్రాంప్టరుకు కనబడనిదంటూ ఉండదు.

ఆమె మైకు వైపు చూసింది. ఆ కడ్డీని ఒక చేత్తో పక్కకు జరిపింది. పాపం, వాళ్ళకు ఆ మనిషి సంగతి తెలియదు. కరెంటు లేని ఊళ్ళల్లో, తిరునాళ్ళ గోలలో, రేకుల పందిరి మీద వాన పడుతుంటే ఆడిన గొంతు అది. మైకు ఆపితే ఆగేది కాదు. ఒక్క మెట్టు పెంచింది, అంతే.

"...ఈయన కల్పించింది. ఈయన తల్లి చేసిన పని ఇది. ఆ తల్లి తార్నాకలోనే ఉంది. ఆవిడ చేతి అన్నం నేను తిన్నాను. మీరందరూ ఏడ్చింది ఆవిడ దుఃఖానికి. ఆవిడ పేరు సినిమాలో లేదు, పుస్తకంలో లేదు. ఇక్కడైనా చెప్పకపోతే తిన్న అన్నం నాకు అరగదు." అమ్మ పేరూ నా పేరూ గట్టిగా, విడివిడిగా చెప్పి, నమస్కారం చేసి దిగిపోయింది.

ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. అధ్యక్షుడు లేచి, "కళాకారులు సున్నిత హృదయులు, ఆవేశం సహజం" అన్నాడు. ఈలోగా మైకు దానంతటదే బాగుపడింది. మేష్టారు లేచి ప్రేరణ గురించి, అది గాలిలాంటిదని, ఎవరి సొత్తూ కాదని చాలాసేపు మాట్లాడారు. ఎవరి సొత్తూ కానిదాన్ని సినిమావాళ్ళకు ఎలా అమ్మారో మాత్రం చెప్పలేదు. శాలువా కప్పారు.

మర్నాడు ఆమె మా ఇంటికి వచ్చింది. అమ్మకు అప్పటికే నేను చెప్పాను. "ఎందుకు బిడ్డా ఆ లొల్లి? నీ పొట్ట నువ్వే కొట్టుకున్నవు గద" అంది అమ్మ. "మీ పిడికెడు బియ్యం చాలా ఊళ్ళల్లో పోశానమ్మా. ఒక్క ఊళ్ళోనన్నా ఎవరివో చెప్పాలి కదా" అంది ఆమె.

అమ్మ అన్నట్టే అయింది. 'ఆమెకు నోరెక్కువ' అన్న మాట సమాజం నుంచి సమాజానికి పాకింది. ఆ తర్వాత ఆమెను మా సమాజమే కాదు, పట్నంలో పేరున్న ఏ సమాజమూ పిలవలేదు. కొన్నాళ్ళు విద్యానగర్లో పిల్లలకు నాట్యం చెప్పింది. తర్వాత తన ఊరికి వెళ్ళిపోయింది. చనిపోయిందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఎక్కడా సంస్మరణ సభ పెట్టినట్టు నేను వినలేదు. నన్ను శాఖ నుంచి తీసి, పరీక్ష జవాబు పత్రాలు కట్టలు కట్టి పడేసే గోదాముకు వేశారు. చుట్టూ గుట్టలుగా జవాబులు, నాకు కావలసిన ఒక్కటి తప్ప. రిటైరయ్యేదాకా నాటకం రిహార్సల్ జరిగే గడప నేను తొక్కలేదు. పిలిచినవాళ్ళూ లేరు, నిజం చెప్పాలంటే.

చిన్నవాళ్ళు నాతో అంటారు, "అంకుల్, ఇప్పుడు అలా కాదు, సంఘాలున్నాయి, అగ్రిమెంట్లున్నాయి" అని. మంచిదే. కాని మీరు సెట్టు మీద ఒక నడక చూపిస్తారు, ఒక దీపం ఎక్కడ పెట్టాలో చెబుతారు, ఒక మాట తీసేసి అక్కడ ఊరుకుంటే బాగుంటుందంటారు. అది కాగితం మీద ఉండదు. 'మన టీమ్ ఐడియా' అంటారు. చివరికి తెర మీద టీమ్ అంటే ఒక్కరి పేరే పడుతుంది. మీ పెద్దాయన మీ భుజం తట్టి 'నా ఉద్దేశాన్ని బాగా పట్టుకున్నావు' అన్న రోజున పొంగిపోకండి. అక్కడికక్కడే, అందరి ముందూ, 'ఇది మీ ఉద్దేశం కాదండీ, నాది' అనండి. మర్యాద తప్పినట్టు ఉంటుంది. తప్పనివ్వండి.

ఇందులో నేను ఎవరి పేరూ రాయలేదు. పేర్లన్నీ నాకు ఇంటిపేర్లతో సహా గుర్తున్నాయి. కాని ముందు రాయాల్సింది నేను కాదు, వాళ్ళు.

మేష్టారు లేరు, కార్యదర్శిగారు లేరు, ఇక ఎవరిని అడుగుతావని నన్ను తప్పించుకుంటున్నారు. ఎవరూ లేకపోవడమేమిటి? ఆ సన్మానం నాటి సాయంత్రం ముందు వరసల్లో కూర్చున్న విద్యార్థుల్లో కొందరు ఇవాళ పెద్దవాళ్ళయి, సమాజం నడుపుతున్నారు. ఒకాయన అధ్యక్షుడు. ఆయన ప్రతి సభలోనూ ఆ సన్మానాన్ని కళ్ళకు కట్టినట్టు వర్ణిస్తారు. శాలువా అంచు ఏ రంగో చెబుతారు. దండలో ఏ పూలున్నాయో చెబుతారు. మేష్టారి ఉపన్యాసం ముక్కలు ముక్కలుగా అప్పజెబుతారు. ఆమె మాట్లాడిన సంగతి అడిగితే మాత్రం, 'ఏదో మైకు ఇబ్బంది వచ్చినట్టు గుర్తు' అంటారు.

అయ్యా, మైకు ఆగింది, నిజమే. ఆగిన తర్వాత కూడా ఆమె మాట్లాడింది. గోడ వారన నిలబడ్డవాళ్ళకు వినబడింది. బయట సైకిళ్ళ దగ్గర ఉన్నవాళ్ళకు వినబడింది, వాళ్ళే వచ్చి నాతో చెప్పారు. మీరు రెండో వరసలో కూర్చుని ఉన్నారు. నేను పక్క తెర చాటు నుంచి మిమ్మల్ని చూశాను. నాకు వివరణలు వద్దు, సన్మానం వద్దు, కుర్చీ వద్దు. ఆమె చెప్పిన రెండు పేర్లు మీకు వినబడ్డాయా, లేదా? ఆ ఒక్క మాట చెప్పండి.